ఓడలో అంబలి

పెళ్లయిన పాతికేళ్లకు మా ఆయనతో పదిహేను రోజుల ఓడ ప్రయాణానికి బయలుదేరాను. మాది సూళగిరి దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. "యాడికి పోయినా పొద్దున్నే అంబలి తాగకుంటే నాకు కాదు" అంటూ ఆయన రాగి సంగటి ముద్దల్ని స్టీలు డబ్బాలో పెట్టి, నా పట్టుచీరల మధ్య దాచి తెచ్చారు. ఓడ ఎక్కగానే భోజనాల హాల్లోంచి పెరుగు తెచ్చి, ముద్దల్ని డబ్బాలోనే ఆ పెరుగుతో పిసికి, బీరువాలో నా చీరల పై అరలో పెట్టారు.

మూడో రోజు ఓడ బాగా ఊగింది. డబ్బా మూత ఊడి, పులిసి నురగలు కక్కుతున్న అంబలి నా చీరల మీదుగా తివాచీ దాకా పారింది. కిటికీ తెరుచుకోని గది. ఆ కంపుకు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడే గది ఊడ్చే అతను తలుపు తీసి, ముక్కు మూసుకుని పరుగెత్తాడు. ఓడలో వాంతి కనబడితే అంటురోగమని భయమట! ఐదు నిమిషాల్లో మాస్కులు, గ్లౌజులు వేసుకున్న నలుగురు గుమ్మంలో నిలబడ్డారు.

"వాంతి కాదప్పా, అంబలి! మా ఊర్లో దినామూ తాగేదే" అన్నారు మా ఆయన. వాళ్లకు తెలుగు రాదు. ఆయన వంగి, తివాచీ మీది అంబలిని వేలితో తీసి, నోట్లో పెట్టుకుని చప్పరించారు!

నలుగురిలో ఒకతను మాస్కులోనే వాంతి చేసుకున్నాడు. మమ్మల్ని రెండు రోజులు గది దాటనివ్వలేదు. ఆ రెండు రోజులూ ఆయన ముఖం చూడలేదు నేను.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాగిన అంబలి ఇప్పుడు గొంతు దిగడం లేదు. గ్లాసులో ఆ తివాచీయే కనిపిస్తుంది. ఆయన మాత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతారు: "ఆ పొద్దు పులుపు బాగా కుదిరినాదమ్మా!"