రాజీకి ముందు తిన్న సంగటి

శాంతి అధ్యయనాల సదస్సులో మధ్యాహ్న భోజనానికి నాటుకోడి పులుసు మూత తీశారు. ఆ వాసనకు నా కుడిచేయి తనంతట తానే వీపు వెనక్కి పోయింది. పక్కనున్న కుర్ర అధ్యాపకుడు నడుమునొప్పి అనుకొని కుర్చీ జరిపాడు. ఆ ఉదయమే అతను నన్ను సభకు పరిచయం చేస్తూ, ఓర్వకల్లు గుట్టల దగ్గర రెండు పక్షాలను ఒక్క మాటతో కలిపిన మనిషినన్నాడు. ఆ కథ నేను చెప్పిందే. ఏళ్ళతరబడి తరగతుల్లో చెప్పాను. ఏడాదికేడాది అందులో వేటకొడవళ్ళు పెరిగాయి, నా గొంతు పెరిగింది. మా వెంకటసుబ్బయ్య సారు మాత్రం తరిగి తరిగి, చివరికి నా సంచి మోసే మనిషైపోయారు. నిజానికి సంచి మోసింది నేను. రాజీ అసలు జరగనే లేదు.

పంతొమ్మిదివందల యాభైల్లో ఆయన కర్నూలు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. సెలవులొస్తే తన విద్యార్థినైన నన్ను వెంటేసుకొని కక్షలున్న పల్లెలు తిరిగేవారు. "కొట్లాట ఎట్లా మొదలైందో అందరూ చెప్తారప్పా. ఎట్లా ఆగిందో అడిగితే ఆలోచనలో పడతారు. మనకు కావలసింది ఆ ఆలోచనే" అనేవారు. అట్లా అడగ్గా అడగ్గా, ఒక ఊరివాళ్ళు ఆయన్నే మధ్యవర్తిగా కూర్చోమన్నారు. మా వైపు ఒక కట్టడి ఉండేది. రాజీ కుదిరేదాకా మధ్యవర్తి గానీ, అతని వెంట వచ్చినవాళ్ళు గానీ ఏ పక్షం ఇంట్లోనూ మంచినీళ్ళయినా ముట్టకూడదు. సారు కర్నూలు నుంచే మరచెంబులో నీళ్ళు తెచ్చుకునేవారు.

రాజీ రోజున పైవీధి పెద్ద ఓబులప్పను గుట్ట దగ్గరికి పిలుచుకు రమ్మని నన్ను పంపారు. ఓబులప్ప కోడలు ఈశ్వరమ్మ, కిందివీధి పెద్ద మద్దిలేటి కూతురు. పెళ్ళయ్యాక కక్షలు రేగి, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న పుట్టింటి గడప ఆమె తొక్కలేదు. ఆ సాయంత్రం తొక్కాలి.

"ఏమప్పా, పస్తుతో వచ్చినట్టుండావు. కూచో, రెండు ముద్దలు తిను" అన్నాడు ఓబులప్ప.

ఈశ్వరమ్మ గిన్నె పట్టుకొని తటపటాయించింది. "తినకూడదేమో కదన్నా?"

"కట్టడి సారుకమ్మా. నేనేమన్నా పెద్దమనిషినా?"

సంగటి మీద కోడిపులుసు వడ్డించింది. "పొద్దుగూకేలోపల మా అమ్మను చూస్తానా?" అని అడిగింది.

"నాది పూచీ" అన్నాను, నోటినిండా సంగటి పెట్టుకొని.

గుట్ట దగ్గర మద్దిలేటి నాకు తాంబూలం అందించబోయి ఆగాడు. "సారూ, మీవాని చేయి కోడిపులుసు వాసన కొడతాండాది. యాడ తింటివప్పా?"

"బస్టాండు హోటల్లో" అన్నాను, చేయి వెనక్కి పెట్టి.

"ఆడ బొరుగులు తప్ప ఏముండాయప్పా? ఆ హోటలుకు మాకూ రోంత దావ చూపీ."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ కూర్చోలేదు. సారు నా వైపు చూడలేదు. "వాడు తింటే నేను తిన్నట్టే. తప్పు నాది. ఈ కూటానికి నేను పనికిరాను" అని లేచారు. వీధి మొదట్లో ఈశ్వరమ్మ కొత్తచీర కట్టుకొని, చంకలో బిడ్డతో నిలబడి ఉంది. మేము లేవడం చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బస్సులో సారు మరచెంబు మూత తిప్పి నా చేతికిచ్చారు. "తాగు. కారం తిన్న్యావు, దప్పికవుతాది."

తాగాను. ఆ ఊరికి మళ్ళీ పోలేదు. ఈశ్వరమ్మ పుట్టింటికి ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో కనుక్కోలేదు. కక్షలు ఎట్లా ఆగుతాయో చెప్పి బతికినవాణ్ణి, ఆ ఒక్క సంగతీ ఎవర్నీ అడగలేదు.

"చల్లారిపోతాంది, తినండి సార్" అన్నాడు కుర్రాడు.

చేయి ఇంకా వెనకే ఉంది.