శుక్రవారం పువ్వు చాయ్

ఒక్క మనిషికి చాయ్ పెట్టుకోవడం ఎంత తలనొప్పో నలుగురున్న ఇంటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. అర లీటరు పాల ప్యాకెట్టు తెస్తే మర్నాటికి సగం మిగులుతుంది. దాన్ని కాచి, మళ్లీ కాచి, చివరికి తోడు వేస్తే ఆ పెరుగూ ఎక్కువే. గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు పోస్తే చాయ్‌పత్తా వేసేలోపే సగం ఇగిరిపోతాయి. పోనీ రెండు గ్లాసులు పెడదామా అంటే రెండో గ్లాసు మీగడ కట్టి, చల్లారి, నా మొహం చూస్తూ కూర్చుంటుంది. కరీంనగర్‌లో ఈ రెండు గదుల ఇంట్లో నేను పారబోసిన చాయ్‌తో ఒక హోటలు నడిచేది.

మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. పెళ్లయిన మరుసటి ఏడే వెళ్లాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి రెండు నెలలు ఉండి పోయేవాడు. మాకు పిల్లలు కలగలేదు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పగలంతా నలభై మంది పిల్లల గోలలో ఉండి సాయంత్రం తాళం తీసి లోపలికొస్తే ఇల్లు మీద పడ్డట్టుండేది. చెప్పులు విప్పకముందే టీవీ పెట్టేదాన్ని, చూడటానికి కాదు.

వీడియో కాల్ ఉంది కదా అంటారు అందరూ. ఉంది. రోజూ చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. మీరు?"

"తిన్న. వాన పడ్డదా?"

"పడలే."

"పెట్టనా మరి?"

"పెట్టుండ్రి."

ఇంతే మా కాపురం. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, నాది ముక్కు మీదుండే కోపం. ఇద్దరి మొహాలూ తెరమీద కనబడుతుంటే ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాన్ల వంక చూసుకునేవాళ్లం. ఒక్కోసారి మోగుతున్నా ఎత్తేదాన్ని కాదు. ఎత్తి, పెట్టేశాక ఇల్లు మరీ బోసిగా ఉండేది.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం కార్గో పెట్టె వచ్చింది. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఈ పెట్టె సంగతి అందరికీ తెలిసిందే. టేపు చుట్టిన పెద్ద అట్టపెట్టె, అందులో ఒక దుప్పటి, సబ్బులు, పాలపొడి, ఖర్జూరం, నొప్పులకు రాసుకునే మందు. ప్రతిసారీ అవే. నాకు నొప్పులున్నాయో లేవో ఆయన ఎన్నడూ అడగలేదు, మందు మాత్రం పంపేవాడు. ఈసారి దుప్పటి మడతలో ఒక రేకు డబ్బా దొరికింది. మీద చైనా రాత, పక్కన చాయ్ కప్పు బొమ్మ. మూత తీస్తే లోపల రేగుపండ్లంత ఎండు ఉండలు. సన్నటి దారంతో కట్టి ఉన్నాయి. వాసన చూస్తే ఎండుగడ్డి.

కప్పు బొమ్మ ఉంది కాబట్టి చాయ్‌పత్తా అని తెలుసుకున్నాను. అంత తెలివి ఉంది. మిగతాది మనం ఎట్లా చేస్తామో అట్లాగే చేశాను. అల్లం దంచే చిన్న రోట్లో ఒక ఉండ వేసి, రెండు ఇలాచీలు తోడుగా వేసి మెత్తగా దంచాను. నీళ్లు, పాలు, చక్కెర వేసి మూడు పొంగులు వచ్చేదాకా మరిగించాను. గల్ఫ్ చాయ్ కదా, ఒక్కదాన్నే తాగడమెందుకని కింద ఉండే ఇంటి ఓనరమ్మను పిలిచాను. పెద్దావిడ, పిన్ని అన్నట్టుగా నేను ఖాలా అంటాను. జాలీ వేసి వడపోస్తే దారాలు, నారింజరంగు పూరేకులు, గోరింటాకు ముద్దలాంటిది ఏదో మిగిలింది. చాయ్ రంగు చూసి నాకే అనుమానం వచ్చింది కానీ అప్పటికే గ్లాసు ఖాలా చేతిలో ఉంది.

ఆవిడ రెండు గుక్కలు తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"బేటీ, బురా అనుకోకు. నీకు జరం గిట్ల వచ్చిందా? గిది దవా లెక్క ఉన్నది."

నాకు ఒళ్లు మండింది. అంత దూరం నుంచి పంపేవాడు ఏం పంపుతున్నాడో చూసుకోవద్దా. ఆ సాయంత్రం ఆయన ఫోను రాగానే "తిన్నవా" అనే లోపే అందుకున్నాను.

"గదేం చాయ్‌పత్తా పంపిండ్రు? రోట్ల దంచినా రసం దిగలే. పాలన్నీ పాడైనయి."

"దంచినవా?"

"దంచకుంటే ఎట్ల మరుగుతది?"

"పాలు పోసినవా?"

"పాలు లేకుంట చాయ్ అంటరా దాన్ని?"

తెర మీద ఆయన మొహం కదిలింది. ముందు నెట్‌వర్క్ అనుకున్నాను. నవ్వుతున్నాడు. మంచం మీద వెనక్కి పడి మరీ నవ్వాడు, వెనక ఎవరో రూముమేట్లు ఏమైందని అడుగుతున్నారు. పెళ్లయి అన్నేళ్లయినా ఆయన అట్లా నవ్వడం నేను వినలేదు. కోపంలో ఉన్నదాన్ని, నాకూ నవ్వొచ్చింది.

"అది పువ్వే," అన్నాడు చివరికి. "ఉత్త వేడినీళ్లల్ల వెయ్యాలె. జర ఆగితే విచ్చుకుంటది. మస్తుంటది సూడ."

మర్నాడు శుక్రవారం, ఆయనకు సెలవు. బడి నుంచి రాగానే నీళ్లు కాచి స్టీలు గ్లాసులో ఉండ వేశాను. ఫోను పప్పు డబ్బాకు ఆనించి పెట్టాను. మా ఇంట్లో గ్లాసులన్నీ స్టీలువే. పెళ్లికి వచ్చినవి, పేర్లు చెక్కించినవి. ఆయన అటు నుంచి "ఏమన్న కనవడ్తుందా?" అంటాడు, నేను గ్లాసులోకి తొంగిచూసి "ఆవిరి కనవడ్తుంది" అంటాను. ఇట్లా కాదని కిందికి పోయి ఖాలాను అడిగితే రంజాన్‌లో షర్బత్ కలిపే గాజు జగ్గు ఇచ్చింది. పగలకుండా లోపల స్టీలు గరిటె పెట్టి వేడినీళ్లు పొయ్యమని కూడా చెప్పింది.

ఇంకో ఉండ వేశాను. కాసేపు అది అడుగున రాయిలా పడి ఉంది. నేను ఏదో అనబోయేలోపు ఒక పక్క నుంచి ఆకులు సన్నగా విడివడ్డాయి. తరువాత రెండో పక్క. మధ్యలోంచి నారింజరంగు పువ్వు ఒకటి మెల్లగా పైకి లేచి నిలబడింది. మన బంతి లాంటిదే. బతుకమ్మలో పేర్చే పువ్వును నీళ్లలో వేసుకుని తాగుతారా ఎవరైనా అనుకున్నాను, అనుకుంటూనే కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఫోనులో చప్పుడు లేదు. "కట్ అయిందా?" అన్నాను.

"లేదు, సూస్తున్న."

ఆ రోజు ఆయన నాకు ఒక సంగతి చెప్పాడు. ఒక చైనావాళ్ల ఇంట్లో ఏసీ బాగు చేయడానికి వెళ్లాడట. ఆయన నిచ్చెన మీద ఉంటే కింద ఒక ముసలావిడ గాజు గిన్నెలో ఈ పువ్వు వేసుకుని, ఒక్కతే దాని ముందు కూర్చుందట. పువ్వు విచ్చుకునేదాకా కదలలేదట. "నువ్వు యాదికొచ్చినవ్," అన్నాడు. నేను జగ్గు తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆ తరువాత ప్రతి శుక్రవారం సాయంత్రం అదే పని. ఒక డబ్బా అయిపోయేలోపు పెట్టెలో ఇంకోటి వచ్చేది. జగ్గు, గరిటె, పప్పు డబ్బా, ఫోను. మొహాలు చూసుకునే బాధ తప్పింది కదా, ఇద్దరికీ నోళ్లు వచ్చాయి. పువ్వును చూస్తూ ఆయన ఎండ సంగతి, పక్క మంచం మీద శ్రీరాంపూర్ ఆయన గురక సంగతి, కూరలో ఉప్పు కోసం రూములో అయ్యే పంచాయితీల సంగతి చెప్పేవాడు. నేను బడిలో పిల్లలు ఒత్తులు ఎట్లా ఎగ్గొడతారో చెప్పేదాన్ని. నొప్పులు లేవని, ఆ మందు పంపొద్దని కూడా అప్పుడే చెప్పాను. మరి ఏం కావాలని అడిగాడు. పువ్వు లేచింది చూడమని మాట మార్చాను.

చాయ్ సంగతి నిజం చెప్పాలి. అది నాకు నచ్చలేదు. గడ్డి నానిన వేడినీళ్లు, అంతే. చక్కెర వేస్తే ఇంకా అన్యాయం. అయినా జగ్గు ఖాళీ అయ్యేదాకా తాగేదాన్ని. ఫోను పెట్టేశాక తడి పువ్వును పారేయబుద్ధి కాక నీళ్లు పోసి కిటికీలో పెట్టేదాన్ని. వాసన వచ్చేదాకా అక్కడే ఉండేది. శనివారం పొద్దున దాన్ని చూస్తే పండుగ మర్నాటి ఇల్లు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది.

పోయిన ఏడాది ఆయన ఇక పూర్తిగా వచ్చేస్తున్నానన్నాడు. కంపెనీ మనుషుల్ని తగ్గిస్తోందట, ఈయనకూ ఓపిక తగ్గిందట. బడిలో అందరూ నాతో మిఠాయి తెప్పించుకుని తిన్నారు. "ఇగ నీకేం ఫికర్ లేదు బేటీ," అంది ఖాలా. నాకు మాత్రం లోపల భయమే. సెలవుల్లో వచ్చినప్పుడు ఆయన నాకు దొరికిందెప్పుడు? వేములవాడలో మొక్కు, బోథ్‌లో వాళ్ల అక్కగారిల్లు, పెళ్లిళ్లు, పరామర్శలు, మళ్లీ విమానం. మేమిద్దరం మాట్లాడుకున్నదంతా పువ్వు ముందే. ఆయన వచ్చేస్తే ఆ శుక్రవారాలు కూడా పోతాయేమో, ఇంట్లో మనిషి ఉండి కూడా నేను ఒక్కదాన్నే అవుతానేమోనని భయం. ఉన్న ఉండల్లో చివరిది దాచిపెట్టాను. ఎదురెదురుగా కూర్చుని తాగాలని.

వచ్చాడు. చుట్టాలు వచ్చి, చూసి, పోయారు. తరువాత ఇల్లు మా ఇద్దరిదీ అయ్యింది.

నేను భయపడ్డట్టే జరిగింది. పొద్దున నాకన్నా ముందు లేచి తన దుప్పటి తనే మడిచి తలాపున పెట్టుకునేవాడు. గోడ వైపు తిరిగి గబగబా తిని, తన ప్లేటు తనే కడిగి బోర్లించేవాడు. వద్దంటే "అలవాటైంది" అనేవాడు. ఆ తరువాత వరండాలో కుర్చీ వేసుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. ఏదైనా అడిగితే "ఊ". కూర ఎట్లుంది అంటే "మంచిగుంది". బడి నుంచి వచ్చి తాళం తీసే పని తప్పింది, అంతే తేడా. ఒక సాయంత్రం పాత అలవాటుగా టీవీ పెట్టబోయి చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో మనిషి ఉన్నాడు కదా అని గుర్తొచ్చి, స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను.

ఆ శుక్రవారం ఇక ఊరుకోలేకపోయాను. జగ్గు కడిగి, నీళ్లు కాచి, బల్ల మీద పెట్టి పిలిచాను. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చివరి ఉండ వేశాను. అది అడుగుకు పోయి పడుకుంది. ఆయన జగ్గును చూశాడు, గోడ మీది గడియారాన్ని చూశాడు, మోకాలు ఊపాడు. నా వంక చూడబోయి మళ్లీ గడియారం వంక చూశాడు. "ఎండలు తగ్గినయి," అన్నాడు. "తగ్గినయి," అన్నాను. ఆకు ఒకటి విడివడుతుండగా లేచి, జేబు తడుముకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

పిలవలేదు నేను. దేనికి పిలవాలి? పువ్వు సగం విచ్చుకుని ఉంది. ఇన్నేళ్లు దూరమే మా బాధ అనుకున్నాను. అది కాదని తెలిసిపోయింది, ఇక దేని కోసం ఎదురు చూడాలో తెలియలేదు.

పప్పు డబ్బా పక్కన ఫోను మోగింది. చూస్తే ఆయనే. ఎత్తితే తెర నిండా ఆయన మొహం, వెనక మా వరండా, దండెం మీద నా చీర.

"ఏమే, సూపెట్టు. విచ్చుకున్నదా?"

కెమెరా జగ్గు వైపు తిప్పాను. పువ్వు అప్పుడే పైకి లేస్తోంది. కాసేపు ఇద్దరం చూశాం.

"రుచి ఎట్లుంటదే అది?" అన్నాడు.

"మీరు తాగలే?"

"నాకెవలిచ్చిండ్రు? సూసిన, అంతే."

"రాండ్రి మరి. చల్లారుతది."

"వస్త. జర సేపు గిట్లనే ఉండనియ్." దండెం మీది చీరను పక్కకు జరిపాడు. "గిన్నేండ్లు ఒక్కదానివే ఎట్ల ఉన్నవే?"

ఆ మాట ముందు తలుపులోంచి వినబడింది. ఒక క్షణం ఆగి ఫోనులోంచి మళ్లీ వినబడింది. తలుపు తెరిచే ఉంది, నాలుగు అడుగులు వేస్తే ఆయన కుర్చీ. నేను లేవలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, చాలా కష్టమైందని చెప్పాను.