వెనక కొట్టుకు లోపలి గడియ

ఫైలు పట్టుకున్న మనిషి గుమ్మం ముందు నిలబడి "ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగితే, మా లైన్లో అందరిదీ ఒకటే జవాబు. "మేమే ఉంటం." గోదావరిఖని క్వార్టర్లలో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. ఆ మాట ఆలోచించే పని లేకుండానే నోటికొచ్చేస్తుంది. క్వార్టరు బొగ్గుగనుల కంపెనీది, అందులో కార్మికుడి కుటుంబం తప్ప ఎవరూ ఉండకూడదు. బయటివాళ్లున్నట్టు తేలితే ముందు నోటీసు వస్తుంది, తర్వాత తాళం పడుతుంది. అయినా మా వరుసలో వెనకాల నాలుగు రేకులు దించి ఎవరో ఒకరిని ఉంచుకోని ఇల్లు లేదు. అందుకే ఆ జవాబు మాకంత బాగా వచ్చు.

అక్క మా ఇంటి వెనక రేకుల కొట్టులోకి వచ్చింది ఒక ముసురు పట్టిన రోజున. ఆమె నాకు చుట్టం కాదు. షిఫ్టు మారే వేళకు బొగ్గుబాయి గేటు దగ్గర గంపలో ఉడికించిన శనగ గుడాలు పెట్టుకుని అమ్మేది. వాళ్ల ఊరు కమాన్‌పూర్ వైపు. ఓపెన్‌కాస్టు గని కింద పోయింది, ఇప్పుడు అక్కడో మట్టిగుట్ట ఉంది. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే తమ్ముడి వాకిట్లో గుడిసె వేసుకుని బతికిందట. నష్టపరిహారం సర్వేకు వచ్చినవాళ్లు ఒక వాకిలి అంటే ఒక ఇల్లు అని రాసుకుని పోయారు. తమ్ముడు పిల్లలతో మంచిర్యాలలో చేరాడు. అక్కకు ఎక్కడా చోటు రాలేదు. కొన్నాళ్లు బస్టాండులో పడుకుంది, తర్వాత మా లైను చివర మూతపడ్డ రేషన్ దుకాణం అరుగు మీదికి వచ్చింది.

మా లైను వాళ్లు చెడ్డవాళ్లని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఒకరు పొద్దున్నే చాయ్ పంపేవారు, ఒకరు దుప్పటిచ్చారు. పక్క వీధి మెకానిక్ భార్య రంజాన్ నెలంతా ఆమెకు గిన్నె తీసిపెట్టేది. అక్క ఫోను ఎవరింట్లో ఛార్జింగ్ అవుతుందో దానికీ వంతులుండేవి. మేమంతా మా మంచితనానికి మేమే మురిసిపోయాం. ఆమె రాత్రికి ఎక్కడ పడుకోవాలన్న సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చేది.

నాకు ముక్కు మీదే కోపం. ఆ ముసురులో అరుగు మీద తడిసి ముద్దయి వణుకుతున్న ఆమెను చూసి, మా ఆయనతో ఒక్క మాటైనా చెప్పకుండా లాక్కొచ్చాను. వెనకాల, వెనకటికి పొయ్యి బొగ్గు వేసుకునే రేకుల కొట్టు ఉంది. దాన్ని కడిగి నులక మంచం వేశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి, తలుపుకు లోపలివైపు ఒక గడియ బిగించాడు. నేను అక్కకు మొదటి రోజే చెప్పాను. "అక్కా, ఎవరన్న ఫైలు పట్టుకొని వస్తే నువ్వు బయటికి రాకు. గడియ పెట్టుకొని సప్పుడు చెయ్యకు."

"గట్లనే చెల్లె," అంది. మూడు సంవత్సరాలు అట్లాగే ఉంది కూడా.

కిందటి ఎండాకాలంలో ఇల్లు లేనివాళ్లకు ఇళ్లిస్తారని దరఖాస్తులు తీసుకున్నారు. అక్క ఫారం తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టింది. "నంబరు లేకుంటే తీసుకుంటలేరట చెల్లె. నాకు ఏ నంబరున్నదని రాస్తవు?" ఇల్లు లేదని రాసే కాగితంలో ఇంటి నంబరు అడిగినవాళ్లను నోరారా తిట్టాను. తర్వాత మా క్వార్టరు నంబరే రాశాను. రాస్తున్నంతసేపూ తలుపు వైపే చూశాను. అక్క ఆ కాగితం పట్టుకుని "మల్లొకసారి సదువు" అంది. చదివాను. నంబరు మూడుసార్లు నోటికి చెప్పుకుంది. ఇల్లొస్తే గంప పెట్టుకోవడానికి ఒక గూడు, తులసి చెట్టుకు ఒక డబ్బా, ఇంకేం వద్దంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం నేనెప్పుడూ చూడనట్టుగా ఉంది.

తర్వాత నెలలు గడిచాయి. వానలు పోయి చలి వచ్చింది. ఆ దరఖాస్తు సంగతి నా బుర్రలో అడుగున పడిపోయింది. ఒక వారం పక్క లైన్లో కంపెనీవాళ్లు క్వార్టర్లు తనిఖీ చేసి రెండు రేకుల షెడ్లు పీకేశారు. మా అందరికీ కంటి మీద కునుకు లేదు.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. పొద్దున పదింటికి, బండి మీద, చంకలో ఫైలుతో. మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి అప్పుడే పడుకున్నాడు. తలుపు రెండోసారి కొట్టకముందే పరుగెత్తి తీశాను. అతను అక్క పేరు ఇంటిపేరుతో సహా చదివి "ఈమె ఈ నంబర్ల ఉంటదా?" అన్నాడు.

పేరు పెట్టి అడుగుతున్నాడంటే ఎవరో మా మీద పిటీషన్ పెట్టారనుకున్నాను.

"లేదు సార్. మేమే ఉంటం."

"ఎన్నడన్న ఉన్నదా?"

"ఆమె ఎవరో మాకు ఎరుకలేదు."

"అయితే గిదే రాసిన. ఒక సంతకం పెట్టున్రి."

లోపల మా ఆయన మంచం మీద కదిలాడు. ఈ మనిషి ఎంత తొందరగా పోతే అంత మంచిదని చదవకుండా సంతకం పెట్టాను. అతను పోయాక రెండు గ్లాసుల నీళ్లు తాగాను. గండం గడిచిందని పక్కింటావిడతో కూడా చెప్పుకున్నాను.

ఇళ్ల జాబితా వచ్చిన రోజు అక్క ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. గోడ మీద కాగితాలన్నీ రెండుసార్లు చదివాను. ఆమె పేరు లేదు. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయి గుమాస్తాతో గొడవకు దిగాను. ఒంటరి ఆడమనిషి, ఇల్లూ వాకిలీ లేదు, ఈమెకు కాక ఇంకెవరికిస్తరని గట్టిగానే అడిగాను. అతను తాపీగా ఒక కట్ట విప్పి కాగితం నా ముందుకు తిప్పాడు. 'చిరునామాలో విచారించగా అట్టి వ్యక్తి లేరు' అని ఉంది. దాని కింద నా సంతకం ఉంది.

అక్కడే నేలలో కూరుకుపోతే బాగుండుననిపించింది. ఆమె ఉంటున్న మాట నిజమేనని ఇప్పుడు రాసిస్తానన్నాను. క్వార్టరు ఎవరి పేరున ఉందో వాళ్లే రాసివ్వాలన్నాడు గుమాస్తా.

ఇంటికొచ్చి మా ఆయనను అడిగాను. ఏడాదిన్నర సర్వీసు మిగిలిన మనిషి. అన్నం కలుపుతూనే, "రిటైర్ అయినంక రాసిస్తనే," అన్నాడు.

"అప్పుడు మనకే గీ నంబరు ఉండదు కదా," అన్నాను. మాకూ సొంత ఇల్లు లేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, భయమే వచ్చింది.

అక్కకు మాత్రం దాచలేకపోయాను. సాయంత్రం కొట్టులోకి పోయి ఆమె మంచం మీద కూర్చుని, వచ్చినవాడు నీ ఇంటి కోసమే వచ్చాడని, నువ్వెవరో తెలియదని నేనే అన్నానని, సంతకం కూడా నేనే పెట్టానని చెప్పి ఏడ్చాను. నాలుగు తిట్లు తిట్టినా హాయిగా ఉండేది. అక్క శనగలు ఏరుతూనే ఉంది.

"నువ్వన్నది నాకు ఇనవడ్డది చెల్లె. ఆయన నా పేరు సదివింది సుత ఇనవడ్డది. నా మీద ఎవలో చెప్పిన్రనుకొని, నీ క్వార్టర్ పోతదని నేనే మెల్లగ గడియ పెట్టుకున్న."

ఇల్లిద్దామని ఒక మనిషి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అతనికి పది అడుగుల దూరంలో, ఊపిరి బిగపట్టుకుని ఆమె దాక్కుంది. దాక్కోవడం నేర్పింది నేనే.

మళ్లీ దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ఎవరూ చెప్పడం లేదు. అక్క కొట్టులోనే ఉంది. ఇప్పుడు మా ముందు తలుపు ఎవరు కొట్టినా, పాలవాడు కొట్టినా సరే, నేను లేచేలోపే వెనకాల గడియ పడుతుంది.