లాకుల్లో దిగిన మాచర్ల రాయి

పడవ ఒకటి. దాన్ని నడిపే అన్నదమ్ములు ఇద్దరు. మాచర్ల నాపరాళ్ళు రెండు వందల నలభై, ఒక్కొక్కటి రెండడుగుల చదరం. వరిగడ్డి ఆరు మోపులు, మోకులు నాలుగు, బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు. క్వారీ మేస్త్రీ అయిన మా బాబాయి. సివిల్ డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలైన నేను, నా జేబులో టేపు. ఎనభైల మొదట్లో, దుగ్గిరాల నుంచి కాలువ మీద దక్షిణానికి బయలుదేరిన రోజు జాబితా ఇది.

రాళ్ళు సముద్రం దగ్గరి ఊళ్ళో కడుతున్న బడికి. అంతకుముందు లారీలో పంపిన లోడులో ముప్పైకి పైగా గతుకులకు పగిలాయి. ఈసారి పది దాటి పగిలితే మిగతా గచ్చుకు కడప రాయి తెచ్చుకుంటామని బడి కట్టిస్తున్న పెద్దాయన కబురు చేశాడు. అందుకే సగం దారి నీళ్ళ మీద.

పడవవాళ్ళు రాళ్ళను పడుకోబెట్టమన్నారు. బాబాయి ఒప్పుకోలేదు. పడుకుంటే పై బరువుకు కింది రాయి చిట్లుతుంది. అంచుల మీద నిలబెట్టి, మధ్యలో గడ్డి కూరి, వరసకో మోకు బిగించాం. తమ్ముడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగాడు, అన్న చుక్కాని పట్టాడు. ఒకచోట మా కోసం వంతెన పైకి ఎత్తారు. ఆగిన ఎడ్లబండ్లవాళ్ళు అవేం రాళ్ళని అడిగితే, వెనక బండికి కూడా వినపడేలా చెప్పాడు బాబాయి, మాచర్ల రాయి అని.

లాకులో రెండు తలుపులూ మూసి, మధ్యలోని నీళ్ళు వదిలి, పడవను కింది కాలువ మట్టానికి దించుతారు. మొదటి లాకులో దిగేది నాలుగడుగులు. గట్టెక్కి టేపుతో కొలిచాను. పడవను గట్టు మీది రాతి గుంజకు కట్టే పని బాబాయి అందుకున్నాడు. లారీలో రాయికి వేసినట్టే, లాగేకొద్దీ బిగిసే ముడి వేశాడు. నీళ్ళు దిగాయి, పడవ దిగలేదు. తాడుకు వేలాడి ఒక పక్కకు ఒరిగింది. రాళ్ళు గరగరమన్నాయి. బాబాయి వరసకు వీపు ఆనించి నిలబడ్డాడు.

అన్న కత్తి తీశాడు.

“కొయ్యమాక. దబ్బున పడితే ఒక్క రాయి మిగలదు,” అన్నాడు బాబాయి.

నేను లాకు మనిషి దగ్గరికి పరిగెత్తి నీళ్ళు పోయే కింది షట్టరు మూయించి, నీళ్ళు వచ్చే పై షట్టరు తెరిపించాను. నీళ్ళు తిరిగి లేచి పడవను ఎత్తాయి. తాడు వదులైంది. నా చదువు క్వారీకి పనికొచ్చిన మొదటి రోజు అదే.

“ఎద్దును కట్టేసినట్టు కట్టావేంది మేస్త్రీ,” అన్నాడు అన్న.

“బరువును వదులుగా కట్టడం మా ఇంటావంటా లేదయ్యా. ఎట్టా వదలాలో నువ్వే చెప్పు.”

గుంజకు రెండు చుట్లు తిప్పి తాడును చేత్తో జారవిడవడం నేర్చుకున్నాడు బాబాయి. ఆ తరువాత ప్రతి లాకులోనూ తాడు ఆయన చేతిలోనే ఉంది.

మూడో రోజు రేవులో దించాం. పెద్దాయన కంటితో చూసి, పగిలినవి నాలుగే అని సంతోషపడ్డాడు. బాబాయి ఆగమన్నాడు. చిన్న సుత్తి తీసి ఒక్కో రాయినీ తట్టడం మొదలుపెట్టాడు. మంచి రాయి కంచులా మోగుతుంది. లోపల బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఐదోది పక్కన పెట్టాడు. ఆరోది పెట్టాడు. ఏడోది పెడుతుంటే, నాలుగే అని వాళ్ళే ఒప్పుకున్నారు కదా అని బాబాయి చెవిలో అన్నాను.

“రేపు గచ్చు పగిలితే మాచర్ల రాయి పగిలిందంటార్రా. పట్టు, పక్కన పెట్టు.”

ఇంకా అరవై రాళ్ళున్నాయి. కాగితం మీద గీతలు పెడుతూ నిలబడ్డాను. చివరి రాయి మోగింది.

మొత్తం రెండు వందల నలభై. పక్కన పెట్టినవి తొమ్మిది.