లీవ్ వేకెన్సీ

ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు బడి గేటుకు ఆ కాగితం అంటించి ఉంది. ‘తెలుగు టీచర్, లీవ్ వేకెన్సీ, ఇమ్మీడియట్ జాయినింగ్.’ మా ఆయన దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి నాకు చూపించాడు.

ఆయన ఫిట్టర్‌గా పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి చాలా నెలలయింది. రోజూ పొద్దున్నే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో గేటు గేటుకూ తిరిగి బోర్డులు చదవడమే పని. ఆ ఇంగ్లిషు మాటలకు తనే అర్థాలు కట్టుకున్నాడు. ‘అర్జెంట్’ అని రాస్తే అక్కడ ఎవరూ నిలవడం లేదని, ‘ఫ్రెషర్స్ ఓకే’ అంటే జీతం సంగతి ఎత్తొద్దని, ‘వి విల్ కాల్ యు’ అంటే ఇక ఇంటికి పొమ్మని. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిషు కాగితం చేతికిస్తే పోలీసు నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది నాకు. లీవ్ అంటే సెలవని తెలుసు, వేకెన్సీ తెలుసు, ఆ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయని ఆయననే అడిగాను.

“ఈడ లీవ్ అంటే సెలవు కాదు, ఇడిసిపెట్టుడు. ఉన్నామె ఇడిసిపెట్టి పోయింది, జాగ ఖాళీ అయింది. గింత దానికి ఫికర్ ఎందుకు? రేపే పో.”

ఒక్క డెమో క్లాసు చూసి చేర్చుకున్నారు. నేను పనిచేసినన్నాళ్ళూ మా పాపకు అదే బడిలో ఫీజు ఉండదన్నారు. సంతకం పెట్టమన్న కాగితంలో కూడా ‘లీవ్ వేకెన్సీ’ అన్న ఆ రెండు మాటలు ఉన్నాయి. నవ్వుతూ పెట్టేశాను.

మూడో వారంలో స్టాఫ్ రూమ్ అల్మారాలో ఒక అర మీద నా పేరు అంటిస్తుంటే హిందీ టీచర్ చూసింది. బడిలో అందరికంటే పాత మనిషి.

“ఏందమ్మా, పక్కాగ కాపురం పెడ్తున్నవ్? మరి ఆమె సామాను యాడ పెట్టుకోవాలె?”

“ఎవరామె?”

“అయ్యో, నీకు చెప్పలేదా? నీ జాగల ఉన్నామె. డెలివరీకి పోయింది. లీవ్ అంటే ఛుట్టీ గదా. ఆమె వచ్చేదాంక నువ్వు.”

ఆమె నవ్వుతోంది, నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

అబద్ధం ఎందుకు, నా కాన్పుకు కూడా నేనంత భయపడలేదు. మేడమీది నా క్లాసు కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. పద్యం చెబుతూ చెబుతూ అటే చూసేదాన్ని. బిడ్డను ఎత్తుకుని ఎవరు లోపలికి వచ్చినా పద్యం ఆగిపోయేది. ఎవరో పిల్లల తల్లి అని తెలిశాక మళ్ళీ పద్యం అందుకునేదాన్ని. “టీచర్, ఈ లైన్ చెప్పిన్రు,” అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఇంటికెళ్ళి మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. పెద్ద మొనగాడు, అర్థం చెప్పాడు! “గిట్ల గూడ ఉంటదని నాకేమెరుక?” అని ఆయన తల గోక్కునేవాడు. పాప మాత్రం కొత్త బడిలో ముగ్గురు స్నేహితులను చేసుకుంది.

ఆమె లీవు అయిపోవడానికి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం సుద్దముక్కల కోసం ఆఫీసులోకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఏదో మీటింగుకు వెళ్ళారు, క్లర్కు తిండికి లేచాడు. ఫోన్ మోగుతోంది. ఎత్తాను.

“అక్కా, నేను తెలుగు టీచర్‌ను. మేడమ్ సెల్ కలుస్తలేదు. బాబుకు నిమ్ము జేసింది, దవాఖానల ఉన్నం. ఇంకో పదిహేను దినాలు ఎక్స్‌టెన్షన్ కావాలని మేడమ్‌కు జర చెప్పుండ్రి. చెప్పకుండ ఆగితే నా పోస్టు పోతది. మీరెవరు మాట్లాడేది?”

“ఆఫీస్‌ల,” అన్నాను.

“మర్చిపోకుండ చెప్తరు గదా అక్కా?”

“చెప్త.”

చెప్పలేదు. మరచిపోయీ కాదు. సాయంత్రం ప్రిన్సిపాల్ ఎదురుగానే నిలబడి రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చేశాను. నోట మాట రాలేదంటే అదీ అబద్ధమే అవుతుంది. నోరు మూసుకున్నాను, అంతే.

మర్నాడు ప్రిన్సిపాలే నన్ను పిలిచారు. “లీవులో ఉన్నావిడ నుంచి కబురే లేదండీ. సోమవారం రిపోర్ట్ చెయ్యకపోతే మిమ్మల్నే కన్ఫర్మ్ చేసేస్తాం.”

కన్ఫర్మ్. ఈ మాటకు అర్థం ఎవరినీ అడగనక్కర్లేదు. సంతోషం రావాలి కదా, రాలేదు. రామంతాపూర్ వెళ్ళే షేర్ ఆటోలో పక్కామె ఒళ్ళో పసివాడు దగ్గుతుంటే ఉండలేక మధ్యలోనే దిగి ఇంటికి నడిచాను. మా ఆయనకు చెప్పలేదు. ఆదివారం దేవుడి పటం ముందు నిలబడి ఆ బాబుకు నయం కావాలని మొక్కుకున్నాను. సోమవారం దాటాక నయం కావాలని మొక్కుకున్నాను. ఛీ, అదేం మొక్కు! ఆ మొక్కు మొక్కింది నేనేనా అని నన్ను చూసుకుంటే నాకే భయమేసింది.

సోమవారం మొదటి పీరియడ్‌లోనే గేటు ముందు ఆటో ఆగింది. ఈసారి ఫలానా పిల్లవాడి తల్లేమో అని అనుకోవడానికి లేకుండా, ఆయా పరుగెత్తి వెళ్ళి, బాబుతో దిగిన ఆమె చేతిలో సంచి అందుకుంది. నన్ను ఆఫీసుకు పిలిచారు.

“పోర్షన్ ఎంతవరకు అయిందో ఈవిడకు చెప్పండి,” అన్నారు ప్రిన్సిపాల్.

నోరు విప్పితే గొంతు గుర్తుపడుతుంది. పుస్తకం తెరిచి పాఠాలు వేలితో చూపించాను. ఆమె తల ఊపుతోంది. కళ్ళు పీక్కుపోయాయి, భుజం మీది బాబు చేతికి ఇంకా ఆసుపత్రి దూది అంటి ఉంది.

“ఫోన్ జేసిన మేడమ్. ఆఫీస్‌ల అక్కకు చెప్పిన. జవాబు రాలే. పోస్టు పోతదని భయమై, డాక్టర్ వద్దన్నా వినకుండ బాబును తీస్కొచ్చిన.”

“ఏ అక్క? నాకెవరూ చెప్పలేదే!” ప్రిన్సిపాల్ గంట కొట్టి క్లర్కును రమ్మన్నారు.

“జర పట్టుకోండక్కా, సంతకం పెడ్త,” అని ఆమె బాబును నా చేతుల్లో పెట్టి రిజిస్టర్ మీదికి వంగింది. ఎంత తేలికగా ఉన్నాడో! ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చిన్న ఛాతీలో గురగుర నా అరచేతికి తెలుస్తోంది. ఇక చెబితే నా ఉద్యోగం, పాప బడి రెండూ పోతాయి. తెలుసు.

“ఆ ఫోన్ ఎత్తింది నేనే మేడమ్. కావాలనే చెప్పలే.”

ఆమె పెన్ను ఆగిపోయింది. దాన్ని రిజిస్టర్ మీదే వదిలేసి వచ్చి నా చేతుల్లోంచి బాబును లాక్కుంది.