రేపు చెప్తానన్న మనిషి

ఆ లాడ్జిలో దిగిన సాయంత్రమే యజమానురాలు నన్ను అనుమానించింది. తప్పు పట్టను. నా దగ్గర బట్టలు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. ఏం పని మీద వచ్చారంటే చెప్పుకోవడానికి పనంటూ ఏమీ లేదు.

"ఎన్నాళ్లుంటారు?" అని అడిగింది.

"తెలియదమ్మా."

తాళంచెవి నా చేతికివ్వబోయి ఆగింది. "ఏమీ అనుకోకండి బాబాయిగారూ. మీలాంటి పెద్దమనిషే ఒకాయన మొన్న సీరియల్లో వచ్చాడు. మేడమీద గదిలో కూర్చుని ఎప్పుడూ పుస్తకం చదువుకుంటుంటాడు. ఇంటిల్లిపాదికీ ఆయనంటే గౌరవం."

"ఏం చేశాడాయన?"

"ఇంకా బయటపడలేదు. కానీ ఏదో చేసే ఉంటాడు. ఊరికే చదువుకునేవాణ్ణి పనిగట్టుకుని ఎవరైనా చూపిస్తారా?"

రైల్వేస్టేషన్ వెనక వీధిలో మూడంతస్తుల పాత లాడ్జి అది. మామగారు కట్టించింది, భర్త నడిపింది, ఆయన పోయాక ఈవిడ భుజాన పడింది. ముందుగదిలో ఓ బల్ల, బల్ల వెనక మేకులు కొట్టిన చెక్కమీద తాళంచెవులు, బీరువా నెత్తిన ఒక టీవీ, రంగు వెలిసిన ప్లాస్టిక్ కుర్చీలు. సాయంత్రమైతే చాలు, అపరాధ పరిశోధన సీరియల్ ఏదో ఒకటి మోగుతుండేది. గదుల్లో ఉన్నవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. యాభై దాటిన యజమానురాలిని అందరూ అక్కగారు అనేవాళ్లు.

నేను ఎన్నో రేవుల్లో, జంక్షన్లలో, సత్రాల్లో జనంతో కలిసి టీవీ చూసినవాణ్ణి. అందరూ డిటెక్టివును చూస్తారు. ఈవిడ మాత్రం ఆయన తెరమీదికి రాగానే దువ్వెన అందుకుని తల దువ్వుకునేది. "ఆయన ఎలాగూ పట్టుకుంటాడు. ఆయన్ని చూసేదేముంది?" ఆవిడ కళ్లన్నీ పక్క వేషాలవాళ్ల మీదే. ఎప్పుడూ జలుబుతో ఉండే కానిస్టేబులు, శవాన్ని ఫొటో తీస్తూ ఆవలించే ఫొటోగ్రాఫరు, మొక్కలకు నీళ్లు పోస్తూ ఎదురింటి కిటికీ వైపు చూసే ముసలావిడ. వాళ్ల కథలు మధ్యలో తెగిపోతాయని ఆవిడకు నిజమైన బాధ. ఆ కానిస్టేబులు వేషంలోకి చెప్పాపెట్టకుండా ఒకరోజు వేరే నటుణ్ణి తెచ్చారట. ఈవిడ అలిగి ఆ సీరియల్ చాలాకాలం చూడలేదు. "కనీసం వాడికి బదిలీ అయిందని ఓ మాట అనిపించొచ్చు కదా. జలుబు మాత్రం కొత్తవాడికి అంటించారు."

పాత సంస్కృత నాటకాలు చదివినప్పుడల్లా నాకూ ఇదే బెంగ. అంతఃపురంలో కాళ్లీడ్చుకుంటూ తిరిగే ఆ ముసలి కంచుకి రాజుకు కబురు చెప్పి నిష్క్రమిస్తాడు. నిష్క్రమించి ఎక్కడికి పోతాడు? ఆయనకు ఇల్లుందా? ఈ సంగతి ఆవిడతో అన్నాను. ఆవిడ ఆలోచించి, "కబురు తెచ్చేవాడేనా? అయితే వాణ్ణే ముందు చూసుకోవాలి" అంది.

ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి. పేరున్న నటుడు టీ కప్పు అందించే వేషంలో కనిపించాడా, వాడే హంతకుడు. "అంత డబ్బు తీసుకునేవాడు టీ ఇచ్చి పోవడానికి వస్తాడా?" ఇంటి కాపలావాడికి భార్యాపిల్లల్ని చూపించారా, వాడికేదో సంబంధం ఉన్నట్టే. అన్నిటికంటే ఆవిడను మండించేది మాత్రం ఒకే ఒక రకం. ఆ ఇంటి పనిమనిషో, గుమాస్తానో అసలు రహస్యం తెలుసుకుని, డిటెక్టివుకు ఫోన్ చేసి, "ఇప్పుడు కాదు, రేపు కలిసి చెప్తాను" అంటారు చూశారా, వాళ్లు. మర్నాటికి వాళ్లుండరు. అలాంటి ఘట్టం వస్తే కుర్చీలోంచి సగం లేచి, "ఇప్పుడే చెప్పవే! నోట్లో ఏముంది, రాళ్లా?" అని తెరను తిట్టేది.

అప్పుడు మెట్లమీదనుంచి ఒక గొంతు వినిపించేది. "నువ్వలా అరిస్తే దానికేం వినపడుతుంది అమ్మాయ్? అది చస్తేనేగా వాళ్లకి రేపటి భాగం."

గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి, మెట్లు తుడిచే పెద్దావిడ గొంతు అది. యజమానురాలు ఆ ఇంటికి కొత్తకోడలిగా వచ్చేసరికే ఆవిడ అక్కడ పనిలో ఉంది. ఏ బంధుత్వమూ లేకపోయినా ఈవిడ ఆవిడను పిన్నీ అంటుంది. అందరి గదుల తాళాల గుత్తీ పిన్ని నడుముకే ఉంటుంది. చివరి మెట్టుమీద కూర్చుని, మోకాలిమీద గడ్డం ఆనించి చూస్తూ, ఉన్నట్టుండి తీర్పు చెప్పేది. "ఆ డాక్టరుకు చెప్పులు కొత్తవి." అంతే. ఎందుకన్నదో చెప్పేది కాదు. చాలాసార్లు ఆ డాక్టరే దొరికేవాడు.

ఇక ఆ ఇంట్లో హీరో అంటే తమ్ముడు. తల్లి పోయాక అక్కే పెంచింది. పక్క వీధిలో భార్యతో కాపురం, పెద్ద ఫర్నిచర్ దుకాణంలో అమ్మకాలు చూసుకునే ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, సంచిలో భోజనం డబ్బా. రోజూ ఉదయం పనికి వెళ్తూ లోపలికి తొంగిచూసి, "అక్కా, ఇవాళ ఎవర్ని అరెస్టు చేస్తున్నావ్?" అనేవాడు. ఆవిడ మొహం విప్పారేది. టీ ఇచ్చేది. తాగి వెళ్లేవాడు.

వానలు ముదిరినప్పుడు వస్తువులు మాయమవడం మొదలైంది.

ముందొక దిండు. తర్వాత దుప్పటి. తర్వాత బల్లమీద పెట్టుకునే చిన్న ఫ్యాను. సబ్బులు కూడా తొందరగా అయిపోతున్నాయి. పగటిపూట, గదులన్నీ ఖాళీగా ఉండే వేళలో, ఎక్కడో కొళాయి విప్పినట్టు గొట్టాల్లో నీళ్ల చప్పుడు. అక్కగారు టీవీ చూస్తూ తెరను కాక మమ్మల్ని చూడడం మొదలుపెట్టింది.

మొదట నేను. నేను బయటికి వెళ్లినప్పుడు నా మంచం కింద వెతికిందని నాకు తెలుసు, పుస్తకాలు ముందుకంటే శుభ్రంగా సర్దివున్నాయి. తర్వాత రెండో అంతస్తులో ఉండే మందుల కంపెనీ కుర్రాయన. అతను అక్కగారికి మరీ మర్యాదగా నమస్కారం పెడతాడట. "అంత మర్యాద దేనికి? నాకేం మందులమ్మాలని?" సీరియల్లో చూసి, ఓ పొద్దున నడవాలో మొహానికి రాసుకునే పౌడరు చల్లింది, అడుగుజాడల కోసం. మందులాయన జారి పడ్డాడు. నడుం పట్టుకుని, "ఏమిటక్కగారూ ఇది?" అని మూలిగితే, "చీమలకు" అంది.

కానీ అడుగులు పడ్డాయి. చెప్పుల్లేని కాళ్లు, మూడో అంతస్తు మూలగది దాకా వెళ్లి వచ్చాయి. కప్పు కారుతోందని ఆ గది మూసేసి చాలా రోజులైంది. అక్కడ ఊడ్చే పనే లేదు. ఆ లాడ్జిలో వట్టి కాళ్లతో తిరిగేది పిన్ని ఒక్కతే.

అక్కగారు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నిన్న మడత పెట్టిన దుప్పటి పట్టుకుని పైకెళ్లింది బాబాయిగారూ. వట్టి చేతులతో దిగింది. ఎక్కడిదీ దుప్పటి అంటే, ఏ దుప్పటీ అంది. నా మొహం చూడకుండా అంది. ఇప్పుడు సీరియల్లో కూడా ఎవరి చెప్పుల గురించీ మాట్లాడ్డం లేదు, గమనించారా?"

"అడగరాదా అమ్మా, ఆవిణ్ణే?"

"అడిగితే నిజం చెప్పినవాళ్లు ఎవరున్నారు? ప్రతి గదిలోకీ వెళ్తుంది, ఎవరూ పట్టించుకోరు, అందరికీ మంచిది. ఎన్ని కథల్లో చూశాను! అలాంటివాళ్లే..." ముక్కు తుడుచుకుంది.

మర్నాడు తమ్ముడితో చెప్పింది. నేనక్కడే పేపరు చదువుతున్నాను. పిన్నిని పనిలోంచి తీసేయాలేమో అని చెబుతుంటే అతను టీ కప్పు కింద పెట్టి, మళ్లీ తీసి, "పోనీలే అక్కా. దిండే కదా. వదిలెయ్" అన్నాడు.

"దిండు కాదురా. నమ్మకం."

"ఆలస్యమవుతోంది, వస్తా" అని లేచాడు.

"చూశారా వీడి మనసు!" అంది అక్కగారు అతను వెళ్లాక. నాకూ అలాగే అనిపించింది.

మరునాటి మధ్యాహ్నం ముందుగదిలో నలుగురం ఉన్నాం. పిన్ని చీపురుతో మెట్లు దిగుతోంది. అక్కగారు బల్ల వెనకనుంచి చెయ్యి చాచింది.

"పిన్నీ, తాళాలిలా ఇయ్యి."

పిన్ని ఆ చేతిని చూసింది. తర్వాత మా అందరినీ చూసింది. గుత్తి విప్పి బల్లమీద పెట్టింది. "తీసుకోండి అమ్మగారూ" అంది.

ఆ మాటకు అక్కగారి చెయ్యి తాళాలమీద కదలకుండా ఉండిపోయింది. అమ్మాయ్ అనేది తప్ప పిన్ని నోట ఇంకో పిలుపు మేమెవరమూ వినలేదు.

"ఒక్కరోజు ఆగండి," అంది పిన్ని. "రేపు చెప్తాను."

కుర్చీ వెనక్కి పడిపోయింది. అక్కగారు బల్ల చుట్టూ తిరిగివచ్చి పిన్ని రెండు భుజాలూ పట్టుకుంది.

"రేపొద్దు! రేపనకు! ఇప్పుడే చెప్పు!"

"ఏమిటమ్మా ఆ కంగారు? నేనేం చావబోవడం లేదు."

"వాళ్లందరూ అలాగే అనుకున్నారు!"

మందులాయనకు నవ్వొచ్చింది కానీ ఆవిడ మొహం చూసి ఆపుకున్నాడు. అప్పటిదాకా ఆవిడ దొంగను పట్టుకోబోతోంది. ఆ ఒక్క మాటతో పిన్ని ఆవిడకు దొంగ కాకుండా పోయింది. నిజం తెలిసి, చెప్పకుండా ఆగిన మనిషైంది.

"ఒట్టు వేశాను," అంది పిన్ని మెల్లగా. "నా నోటితో చెప్పను. వాడే చెప్తానన్నాడు. రేపు, రేపు అని వారం నుంచీ అంటున్నాడు."

"వాడెవడు?"

పిన్ని తలెత్తి పైకి చూసింది.

అక్కగారు తాళాలు తీసుకుని నా వైపు తిరిగింది. "బాబాయిగారూ, మీరూ రండి. సాక్షి కావాలి." నా వయసుకు ఆ మెట్లు ఎక్కువే. అయినా వెళ్లాను. మూలగది తలుపు లోపల గడియ వేసివుంది. ఆవిడ వేలి కణుపుతో కొట్టింది.

"పిన్నీ, టీ తెచ్చావా?" అంది లోపలి గొంతు.

అక్కగారు పక్కనున్న గోడను పట్టుకుంది. ఆ గొంతు ఎవరిదో మా ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది. బనీనుతో తమ్ముడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా హ్యాంగరుకు తగిలించి ఉంది. కప్పు కారే చోట బకెట్టు. మంచంమీద మన దిండు, మన దుప్పటి, చిన్న ఫ్యాను, సగం తిన్న భోజనం డబ్బా. వానలకు ముందే దుకాణంవాళ్లు కొందరిని ఇంటికి పంపేశారట. అందులో ఇతనొకడు. ఇంట్లో చెప్పలేక రోజూ డబ్బా పట్టుకుని బయల్దేరి, అక్క దగ్గర టీ తాగి, వెనక మెట్లెక్కి ఇక్కడ పడుకుని, సాయంత్రం ఇంటికి పోతున్నాడు.

"నా మరదలికి తెలుసా?"

"లేదక్కా."

ఉద్యోగం గురించి ఆవిడ ఒక్క మాటా అడగలేదు. "నిన్న పిన్నిని దొంగ అంటున్నానని నీతో చెప్పాను," అంది. "విన్నావు. టీ తాగావు. వెళ్లావు. ఎక్కడికి వెళ్లావురా? ఈ దుప్పట్లోకే కదా?"

"రేపు చెబుదామనుకున్నా..."

"చొక్కా వేసుకో. ముందు ఇంటికెళ్లి చెప్పు. తర్వాత కింద చెప్పు, ఆవిడకి."

కిందికి వచ్చేసరికి పిన్ని లేదు. చీపురు మెట్టుకు ఆనించి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తమ్ముడు వచ్చాడు, కళ్లకింద నల్లగా, ఇస్త్రీ లేని చొక్కాతో. ఇంట్లో ఏం జరిగిందో మేం అడగలేదు, అతనూ చెప్పలేదు. అక్క చూపిస్తే బకెట్టు, గుడ్డ తీసుకుని మెట్లు తుడవసాగాడు.

టీవీ మోగుతూనే ఉంది, ఆవిడ చూడడం లేదు. "హంతకుడు దొరికాక సీరియల్ ఆపేస్తారు బాబాయిగారూ," అంది ఓ సాయంత్రం. "మధ్యలో ఎందర్ని అనుమానిస్తారు! డ్రైవరును, వంటమనిషిని, ఆ మొక్కలావిణ్ణి. వాళ్లు కాదని తేలాక వాళ్లింటికి వెళ్లి, తప్పయిందని ఒక్క డిటెక్టివన్నా అనడం నేను చూళ్లేదు. ఎలా అనాలో ఎక్కడ నేర్చుకోను?"

మర్నాడు నన్ను తోడు రమ్మంది. సైకిల్ రిపేరు దుకాణం వెనక సందులో పిన్ని ఉండేది ఒక్క గది. గుమ్మంలో కూర్చుని చిరిగిన గొడుగుకు మాసిక వేసుకుంటోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"అమ్మగారు ఇంతదూరం వచ్చారే. మా ఇంట్లో కూడా ఏమన్నా పోయిందా?"

అక్కగారు ఆ గుమ్మం ముందు తడినేలమీదే చతికిలబడింది. "తప్పయిపోయింది పిన్నీ."

"నన్ను అడిగావా? అడగలేదు. మీ తమ్ముణ్ణి అనుమానించావా? లేదు. వాడు ఇస్త్రీ చొక్కావాడు." సూది గుచ్చి లాగింది. "తాళాలు అందరి ముందూ లాక్కున్నావు."

"అందరి ముందూ ఇస్తాను."

పిన్ని దారం కొరికింది. చాలాసేపు గొడుగు తెరిచి, మూసి చూసుకుంది. వానజల్లు మళ్లీ పడుతోంది. అక్కగారు కదల్లేదు.

"మెట్లు ఎవరు తుడుస్తున్నారు?"

"వాడే."

"మూలలు?"

"తుడిచానంటున్నాడు."

"అన్నాడా! నువ్వు నమ్మేశావా?" పిన్ని అసహ్యంగా చూసింది. "ఎంతసేపని తడుస్తావు, లే. పెద్దాయనకు జలుబు చేస్తుంది."

మర్నాటి ఉదయం అందరం ముందుగదిలో ఉండగా అక్కగారు గుత్తిని రెండు చేతులతో అందించింది. పిన్ని అందుకుని నడుముకు దోపుకుంది కానీ ఆవిడ దృష్టి అక్కడ లేదు. మొదటి మెట్టు దగ్గర వంగి, మూలలో వేలుపెట్టి గీసి, ఆ వేలు వెలుతురులో పట్టి చూసింది.

"తుడిచాను పిన్నీ, ఒట్టు," అన్నాడు తమ్ముడు.

పిన్ని ఆ వేలును అతని ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది. "వెళ్లి నీళ్లు పట్రా. పైనుంచి మొదలుపెట్టు. నేను వెనకే వస్తా, చూస్తూ."