ఆ నాలుగు నిమిషాలు ఎవరి వల్ల

ఆ మధ్యాహ్నం మా గేట్‌మ్యాన్ నిద్రపోలేదు. గేటు వేయమని నేనే ఆలస్యంగా ఫోన్ చేశాను. ఈ మాట తొమ్మిదేళ్లు ఎవరితోనూ అనలేదు.

అప్పుడు నేనొక చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టర్ని. నేను ఫోన్ చేస్తే గేట్‌మ్యాన్ రోడ్డుకు అడ్డంగా గేటు వేస్తాడు, వేశానని చెబితే నేను సిగ్నల్ ఇస్తాను. ఆ రోజు బావమరిదితో ఇంటి గొడవ మాట్లాడుతూ మరిచిపోయాను. ఎక్స్‌ప్రెస్ నాలుగు నిమిషాలు సిగ్నల్ బయట నిలబడింది.

మా రైల్వేలో బండి ఎందుకు ఆగిందని కాదు, ఎవరి వల్ల ఆగిందని అడుగుతారు. ఆలస్యమైన ప్రతి నిమిషాన్నీ ఎవరో ఒకరి మీద రాయాల్సిందే. 'రెండుసార్లు పిలిచినా గేట్‌మ్యాన్ పలకలేదు' అని రాశాను. విచారణలో అది డ్యూటీలో నిద్ర అయింది. ఆయన్ను దూరంగా ఇంకో గేటుకు పంపారు. నారాయణఖేడ్‌లో ఉన్న ఇంటికి నెలకోసారి రావడమే కష్టమైంది.

మొన్న శిక్షణ తరగతిలో ఇతర దేశాల రైళ్ల గురించి చెప్పారు. జపాన్‌లో కాస్త ఆలస్యమైనా సిబ్బంది ప్రయాణికులను క్షమించమని అడుగుతారట, ఆలస్యమైందని చీటీ కూడా ఇస్తారట. స్విట్జర్లాండ్‌లో టైంటేబుల్‌లోనే కొంత వెసులుబాటు ఉంచుతారట. తప్పు చేసినవాడు భయపడకుండా ఒప్పుకోగలిగిన చోటే రైళ్లు వేళకు నడుస్తాయన్నాడు పాఠం చెప్పినాయన. మరి మన నుంచి వాళ్లు నేర్చుకునేదేమీ లేదా అని ఒకరు అడిగితే, పక్కోడి మీదికి నెట్టడం నేర్చుకోవచ్చని వెనక నుంచి ఇంకొకరు అన్నారు. అందరూ నవ్వారు. నీళ్లు తాగొస్తానని బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోలేకపోయాను.

ఆదివారం గేట్‌మ్యాన్‌ను కలవడానికి నారాయణఖేడ్ బస్సెక్కాను. ప్రతి స్టాపులోనూ దిగి వెనక్కి పోదామనిపించింది.

ఆయన రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నాడు. భార్యాభర్తలు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు.

"మా ఖేడ్‌కు రైలే లేదు సారూ, ఏం తనిఖీకొచ్చినవ్?" అని నవ్వి కుర్చీ వేశాడు.

కూర్చోలేకపోయాను. మోకాళ్ల నొప్పుల గురించి, కంది చేను గురించి ఆయన చెబుతుంటే మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మూశాను. మూడోసారి జరిగింది చెప్పేశాను. తప్పు నాదేనని సోమవారమే ఆఫీసులో రాసిస్తానన్నాను.

"ఫోన్ టైముకు మోగలేదని నాకెర్కలేదా సారూ? ఇప్పుడు గా కాగితం నేనేం జేసుకోవాలె?" అన్నాడు, నవ్వకుండా. తర్వాత గొంతు తగ్గించాడు. "మా ఇంటామె గియ్యాల్టికి నేను పండుకున్ననే అనుకుంటది. నేను జెప్తె నమ్మలే."

ఆమె చాయ్ పట్టుకుని వచ్చింది. నేను కప్పు అందుకోలేదు.

"అక్కా, ఆ రోజు అన్న నిద్రపోలేదు. వేళకు ఫోన్ చేయంది నేను, అబద్ధం రాసింది నేను. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."